ఎడమచేతి ఇంగ్లీషు

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. చూపులేని పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగం కదా, శిక్షణలో విన్నది ఒకటి, పల్లెల్లో ఎదురయ్యేది ఇంకొకటి. మొన్న ఒకమ్మాయి అడిగింది: "మేడం, ఫోనే అన్నీ చదివి వినిపిస్తుంటే ఇంకా బ్రెయిలీ ఎందుకండీ? పిల్లలు వేళ్ళు అరగదీసుకోవడం తప్ప!" మంచి ప్రశ్నే. రిటైరయ్యేలోపు నేను కూడా చాలాసార్లు వేసుకున్న ప్రశ్నే. దానికి సిద్ధాంతం చెప్పేంత చదువు నాకు లేదు. ఒక పిల్ల సంగతి, ఒక మాస్టారి సంగతి చెప్తాను. అందులోంచి ఏం తీసుకుంటారో మీ ఇష్టం.

శృంగవరపుకోటలో కొన్నాళ్ళు పనిచేశాక నన్ను సముద్రం వైపు మండలానికి బదిలీ చేశారు. కొండగాలి అలవాటైన ముక్కుకి చేపల వాసన అలవాటు కావడానికి ఒక వానాకాలం పట్టింది. వారంలో కొన్ని రోజులు ఊళ్ళు తిరిగి పిల్లల్ని బడుల్లో, ఇళ్ళల్లో చూడాలి. మిగతా రోజులు మండల కేంద్రంలో హైస్కూలు వెనక మాకిచ్చిన గదిలో కూర్చోవాలి. ఆ గదికి గోడ మీద మంచి పేరే రాసి ఉండేది గానీ అందరూ 'గుడ్డిపిల్లల గది' అనే అనేవారు. అన్నవాళ్ళందరితోనూ నేను తగువు పెట్టుకునేదాన్ని. అలా ఏళ్ళ తరబడి తగువులాడితే ఆఖరికి అది 'మేడం గది' అయింది. అంతకుమించి మార్చలేకపోయాను.

ఆ గదిలో నాతోపాటు బ్రెయిలీ మాస్టారు ఉండేవారు. నాకంటే పెద్దాయన. పుట్టుకతోనే చూపు లేదు. శ్రీముఖలింగం దగ్గర పల్లె ఆయనది. తాతల కాలం నుంచి గుళ్ళో పాడే కుటుంబం. పిల్లవాడిగా ఉన్నప్పుడు తాతగారి ఒళ్ళో కూర్చుని పాటలూ శ్లోకాలూ విని నేర్చుకున్నారు. తర్వాత ఎవరో పుణ్యాత్ములు హాస్టల్లో చేర్పిస్తే బ్రెయిలీ నేర్చుకున్నారు. తెలుగు పుస్తకం మీద ఆయన వేలు పెట్టారంటే మనం కళ్ళతో చదివే వేగం సిగ్గుపడాలి. గొంతు కూడా గుడిగంటలా ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు హైస్కూలు టీచర్లు పని కల్పించుకుని మరీ మా గదికి వచ్చి ఆయన చదువుతుంటే వినేవారు.

ఆయనకి ఒక నియమం ఉండేది. చదివేది కుడిచేతి చూపుడువేలుతోనే. ఎడమచెయ్యి కాగితం జరక్కుండా అంచు పట్టుకోవాలి, అంతే. పొరపాటున ఏ పిల్లవాడి ఎడమ వేలైనా చుక్కల మీదికి వెళ్తే, "అక్షరం అంటే ఎవర్రా? సరస్వతి. ఎడమచేత్తో అమ్మవారిని ముట్టుకుంటావా?" అని కసిరేవారు. ఎడమచెయ్యి ఏ పనికి వాడతామో అందరికీ తెలుసు కాబట్టి పిల్లలు కిసుక్కున నవ్వేవారు. తాతగారు తాళపత్రాలు కూడా కుడిచేత్తోనే తీసేవారట. ఆ పట్టింపే మనవడి దగ్గరికి బ్రెయిలీ రూపంలో వచ్చింది.

మా శిక్షణలో మాత్రం రెండు చేతులూ వాడాలని చెప్పారు. ఒక చెయ్యి చదువుతుంటే రెండోది కింది వరస మొదలు వెతకాలి. చేరిన కొత్తలో ఆ ముక్క ఆయనతో అన్నాను.

"మీకు శిక్షణ ఎన్నాళ్ళిచ్చేరమ్మా?" అన్నారు.

"ఏడాది, మాస్టారూ."

"నాది పుట్టిందగ్గర్నుంచీ నడుస్తున్నాది."

అక్కడితో సరి. పైగా ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు తెలుగు గడగడా చదివేవారు. ఇక నేను మాట్లాడడానికి ఏముంది? దానికి తోడు నేను బ్రెయిలీ చదివేది కళ్ళతో. చూపున్న టీచర్లందరం అంతే. కిటికీలోంచి ఏటవాలుగా పడే వెలుతురులో కాగితం పెట్టుకుని చుక్కల నీడలు చూసి చదువుతాం. వేలుతో చదవమంటే నాకు ఇప్పటికీ ఉప్పూ చక్కెరా కలిపి పోసిన కుప్పని తడిమినట్టే ఉంటుంది. మాస్టారు నన్ను 'దొంగచదువు చదివే మనిషి' అని ఆటపట్టించేవారు.

ఇక ఆ పిల్ల. సముద్రం ఒడ్డున జాలరిపేటలో ఇల్లు. తండ్రి వేటకి వెళ్ళేవాడు. తల్లి తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళో చేపలమ్మేది. పిల్లకి చూపు చిన్నప్పుడే పోయింది. మాస్టారి శిష్యులందరిలోకీ ముందుండేది. సాయంత్రం పేటలో ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుతూ కూర్చుంటే ఈ పిల్ల ఒళ్ళో బ్రెయిలీ పుస్తకం పెట్టుకుని కథలు చదివి వినిపించేది. చీకటి పడ్డాక కూడా ఆగకుండా చదివేది. "దీపం కర్సు నేదు మా సదువుకి" అని తల్లి గర్వంగా చెప్పుకునేది.

అది పదో తరగతిలో ఉండగా దానికో కోరిక పుట్టింది. విశాఖలో చూపులేని ఆడపిల్లల్ని చేర్చుకునే కాలేజీ ఒకటి ఉంది. హాస్టలు కూడా అక్కడే. ఆటలపోటీలకి వెళ్ళినప్పుడు అక్కడ చదివే అమ్మాయి ఎవరో కలిసిందట. "కంప్యూటరు నేర్పుతారంట మేడం. ఎవరి సెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కి తిరుగుతారంట" అని నాకు పదిసార్లు చెప్పింది. చదువంతా ఇంగ్లీషులోనే. సీటు ఇవ్వాలంటే రెండు షరతులు. బ్రెయిలీ నేర్పిన టీచరు, పిల్ల ఇంగ్లీషు చదవగలదని పరీక్షించి సంతకం పెట్టాలి. ఆ తర్వాత అక్కడివాళ్ళు ముందెన్నడూ చూడని ఇంగ్లీషు పేజీ ఒకటి ఇచ్చి చదివించి, అందులో ఏముందో చెప్పమంటారు. ఫోను బయట పెట్టి వెళ్ళాలి.

తండ్రి మంచివాడే. "సీటొస్తే ఎల్తాది. రాకపోతే ఇంటికాడుంతాది. మావు సూసుకుంతాం. దానికి కూడెట్టలేమా ఏటి?" అన్నాడు. ప్రేమతో అన్నమాటే. ఆ మాటకే ఆ పిల్ల హడలిపోయింది. మర్నాడు నా దగ్గరికొచ్చి, "మేడం, నానింక ఆ అరుగుమీదే కూకోవాలేటి, సచ్చిందాకా?" అంది. "సీటొస్తుందిలే" అన్నాను. వస్తుందని నాకు నమ్మకం లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే కొంచెం మా పని గురించి చెప్పాలి. బ్రెయిలీలో ఏ భాషైనా అవే ఆరు చుక్కలు. కళ్ళున్న పిల్లలకి 'క' ఆకారం వేరు, ఇంగ్లీషు 'కె' ఆకారం వేరు. వేలుకి ఆ తేడా లేదు. తెలుగులో 'క' అని నేర్చుకున్న చుక్కలే ఇంగ్లీషులో 'కె'. కానీ మన అక్షరంలో ఎప్పుడూ ఒక 'అ' కూర్చుని ఉంటుంది. ఇంగ్లీషు అక్షరంలో ఉండదు. పదేళ్ళు తెలుగు చదివిన వేలు ఆ చుక్కల్ని తాకగానే నిండుగా 'క' అని వింటుంది. దాంతో ఆ పిల్ల ఇంగ్లీషులో 'మిల్క్' ఉన్నచోట 'మిలక' అని చదివేది. 'టి, హెచ్, ఇ' అని ఉండే 'ది'ని 'తహే' అనేది. ఒక్క క్షణం ఆగి, ఆ 'మిలక' అనేదాన్ని లోపల తిప్పుకుని, "ఓ, మిల్కా!" అనేది. వరస చివరికి చేరేసరికి మొదట ఏముందో మర్చిపోయేది.

వింటే మాత్రం ఇంగ్లీషు దానికి బాగానే అర్థమయ్యేది. క్రికెట్ కామెంటరీ వినీ వినీ నాకంటే నయంగా మాట్లాడేది. చిక్కంతా వేలు దగ్గరే. నిజానికి కళ్ళున్నవాళ్ళలో కూడా ఈ జాడ కొంచెం ఉంటుంది. మన బడుల్లో పిల్లలు ఇంగ్లీషు పాఠం ప్రతి అక్షరాన్నీ నిండుగా, సమానంగా పలుకుతూ అప్పగిస్తారు చూడండి, పద్యం చెప్పినట్టు. పైకి చక్కగా చదివేస్తే చదువు వచ్చేసినట్టే అనుకుంటాం మనం. తెలుగులో అది చాలావరకు నిజం కూడా.

మాస్టారికి కూడా సరిగ్గా ఇదే జబ్బు ఉండేది. అది ఆయన ఎప్పుడూ దాచుకోలేదు. ఇంటర్ ఇంగ్లీషులో తప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ తప్పి వదిలేశారు. "నాకు ఇంగ్లీషంటే రాళ్ళ మీద నడకమ్మా" అనేవారు. ఇంగ్లీషు అక్షరాలు నేర్పేంతవరకే ఆయన పని. ఆ పైన నేను చూసుకునేదాన్ని. కానీ శిష్యురాలు తన గోతిలోనే పడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయారు. ఒకరోజు తీర్మానించేశారు.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. పరీక్ష అయ్యేదాకా తెలుగు ఆపెయ్యాలి. వేలు తెలుగు మర్చిపోతే ఇంగ్లీషు దానంతటదే వస్తాది."

నాకూ సబబుగానే తోచింది. పిల్ల దగ్గరున్న తెలుగు పుస్తకాలన్నీ తెప్పించి మా గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్ల రోజూ వచ్చి ఇంగ్లీషు పేజీ ముందు కూర్చునేది. 'మిలక' తగ్గలేదు సరికదా, చదివే ఊపు కూడా పోయింది. అంతకుముందు పొరపాట్లు చేస్తూనైనా ముందుకి ఉరికేది. ఇప్పుడు ప్రతి అక్షరపు చుక్కల గడి దగ్గరా వేలు నిలబడిపోయేది.

రెండు వారాలకి వాళ్ళమ్మ ఖాళీ తట్టతోనే నేరుగా మా గదికి వచ్చింది.

"ఏటి మేడమ్మా, మా పిల్లని ఏటి సేసినారు? సాయంత్రం ఆడోళ్ళంతా వచ్చి 'కత సదవే' అంటే, 'నాకు సదువు రాదు' అంతంది. ఆ మాట దాని నోట నానెప్పుడూ ఇన్నేదు."

మాస్టారు సర్దిచెప్పబోయారు. "ఇంగ్లీషు కుదిరేదాకా ఓర్చుకోవాలమ్మా."

"ఇంగిలీసు వచ్చీసరికి తెలుగు పోతే, ఇంక మాకేటి మిగుల్తాది బాబూ?"

మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి, తడుముకుంటూ వెళ్ళి బీరువా తెరిచి, పుస్తకాలన్నీ తల్లి తట్టలో పెట్టారు. చేపల తట్టలో సరస్వతిని పెట్టాల్సి వచ్చినందుకు బాధపడ్డారో లేదో తెలీదు. "నా తప్పేనమ్మా, తీసుకుపో" అన్నారు. ఆయన పెద్దరికం నాకు ఆరోజు నచ్చింది.

విశాఖ పరీక్ష దగ్గరపడింది. ఇంతలో ఇంకో ఉపద్రవం. వలలోంచి చేపలు ఏరుతున్న చోట పిల్ల కూడా చెయ్యి పెట్టింది. తల్లి వద్దంటూనే ఉంటుంది, పిల్ల వినదు. జెల్ల ముల్లు గుచ్చుకుంది. జెల్ల అంటే తెలుసుగా, ఆ చేపకి రెక్కల్లో విషపు ముల్లుంటుంది, పడవ నడిపే మొనగాణ్ణి కూడా ఏడిపిస్తుంది. గుచ్చుకున్నది సరిగ్గా కుడిచేతి చూపుడువేలికి. వేలు వంకాయంత వాచింది. ఆసుపత్రిలో కట్టు కట్టి, తడపొద్దన్నారు. మాస్టారికి చెప్పాను. "దాని చదువంతా ఆ వేల్లోనే ఉందమ్మా" అన్నారు. నాకు మాత్రం లోపల ఒకటే అనిపించింది: పోనీలే, సీటు రాకపోతే ఇప్పుడు చెప్పుకోడానికి ఓ కారణమైనా ఉంది. ఇలాంటి ఆలోచనలు టీచర్లకి కూడా వస్తాయి.

వారం పోయాక వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటి ముందు వలల కుప్ప మీద కూర్చుని ఉంది పిల్ల. కట్టున్న కుడిచెయ్యి పైకెత్తి భుజం మీద పెట్టుకుంది. ఒళ్ళో నేనిచ్చిన ఇంగ్లీషు పుస్తకం. ఎడమచేతి చూపుడువేలు వరస మీద నెమ్మదిగా పాకుతోంది. నా చెప్పుల చప్పుడు వినగానే చెయ్యి చటుక్కున తీసేసింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏలు వాసిన కాణ్ణుంచి మేడం. ఊరికే కూకుంటే పరీచ్చ అయిపోద్ది కదా."

"ఏదీ, చదువు."

చదివింది. నత్తనడక. ఒకటో తరగతి పిల్ల కూడా అంతకంటే వేగంగా చదువుతుంది. కానీ పేజీలో మిల్క్ అన్నచోట మిల్క్ అనే చదివింది. యాదృచ్ఛికం అనుకుని ఇంకో పేజీ తిప్పి ఇచ్చాను. మళ్ళీ అంతే. ఎక్కడా 'అ' తోక తగల్లేదు. వరస అయ్యాక అందులో ఏముందో అడిగితే చెప్పింది. నేను అక్కడే ఆ వలల మీద కూలబడ్డాను. చీరంతా ఉప్పయింది.

"ఎందుకలా వస్తోంది?" అంటే, "ఏమో మేడం, ఇలగైతే బాగుంది" అంది.

తల్లి మాత్రం ఏడుపు మొహం పెట్టింది. "సారుకి సెప్పకండమ్మా. ఎడమసేత్తో సదివిందంటే సంతకం పెడతారేటి? ఆరికి అది పాపం కదా. కుడేలు మానీదాకా ఏదో దాని తిప్పలు అది పడతాది." మంచి సమయం చూసి చెప్తానులే అన్నాను. ఆ పిల్ల వేలు మానింది, కట్టు విప్పేశారు, ఎడమచేతి నడక కాస్త పుంజుకుంది, మంచి సమయం మాత్రం రాలేదు. కుడివేలు మానిందని తెలిసి మాస్టారు సంబరపడి సంతకానికి ముందు తను చెయ్యాల్సిన పరీక్షకి రోజు కూడా నిర్ణయించేశారు. ఆ సంబరం చూశాక ఇక చెప్పడం మానేశాను.

ఆరోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు మా గది వరండాలో నిలబడి గుసగుసలాడుతున్నారు. తల్లి పిల్ల ఎడమచేతి గాజులు ఒక్కొక్కటే తీస్తోంది. నన్ను చూసి నవ్వి, "సారుకి సెవులు బాగా పదును మేడమ్మా. ఏ సెయ్యి ఆడతన్నాదో గాజుల సప్పుడికి తెలిసిపోద్ది" అంది. గాజులన్నీ కుడిచేతికి ఎక్కించింది. కుడిచెయ్యి కాగితం అంచు పట్టుకుని కాస్త కదిలిస్తే చాలు, మాస్టారు మోసపోతారని లెక్క. చేపలు బేరం చేసే మనిషి, తెలివికి తక్కువేముంది!

నిజం చెప్తున్నాను, నేను వద్దనలేదు. ఒక్క పూట ఆటే కదా అనుకున్నాను. సంతకం పడితే చాలు.

పిల్ల చేతులు రెండూ దగ్గరికి తెచ్చుకుని తడుముకుంది. తర్వాత కుడిచేతి గాజులు తీసి ఎడమచేతికి వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఒసే, ఏటే అది? సెప్పింది ఇనవా?" అంది తల్లి.

"సారుకి కళ్ళు నేవని మోసం సేత్తావేటమ్మా? నాకూ నేవు కదా. రేపు నాకూ ఎవులైనా ఇలగే సేత్తే?"

నేను ఆ పిల్ల మొహంలోకి చూడలేక గోడమీది రాతలు చదువుతూ నిలబడ్డాను. కుడిచెయ్యి బోసిగా ఉంచి, ఎడమచేతికే అన్ని గాజులూ వేసుకుంది. అవి కిందికి జారి మణికట్టు దగ్గర గలగలమన్నాయి. అలాగే లోపలికి వెళ్ళింది.

మాస్టారు బల్లకి అవతల కూర్చున్నారు. నేను ముందురోజు బ్రెయిలీ పలక మీద చుక్కలు పొడిచి తయారుచేసిన కొత్త పేజీ పిల్ల ముందు పెట్టాను. ఒక ముసలావిడ సంతలో గొడుగు పోగొట్టుకుని అంగడి అంగడికీ తిరిగి వెతికే కథ. "మొదలుపెట్టమ్మా" అన్నారు మాస్టారు. పిల్ల ఎడమచెయ్యి చాచింది. గాజులు మోగాయి.

మాస్టారి తల అటు తిరిగింది. ఆయన ముని వేళ్ళతో బల్ల మీద ఏదో తాళం వేస్తుంటారు ఎప్పుడూ. అది ఆగిపోయింది. గాజులు వరసంతా కదిలి, వరస చివర ఆగి, మళ్ళీ మొదటికి వచ్చాయి. ఎవరికైనా తెలిసిపోతుంది. తల్లి గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఏ క్షణాన బల్ల చరుస్తారో అని నేను చూస్తున్నాను. పిల్ల రెండు మాటలు తప్పు చదివి, దిద్దుకుని, ముందుకి వెళ్ళింది. ఆయన ఆపలేదు.

కథ చివర్లో ఆ గొడుగు ముసలావిడ మోచేతికే వేలాడుతూ ఉంటుంది. పిల్ల వేలు ఆ వరస మీద పాకింది. పైకి చదవకముందే ఫక్కున నవ్వేసింది.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "ఎందుకు నవ్వింది?" అని నన్నడిగారు, పిల్లని కాదు.

"గొడుగు ఆవిడ చేతికే ఉంది, మాస్టారూ."

"అది పైకి చదవలేదు కదా ఇంకా!"

"లేదు. వేలికి తగిలింది, నవ్వింది."

హైస్కూల్లో ఏదో క్లాసు ఎక్కాలు అప్పగిస్తోంది. కుడిచేత్తో ఆ పిల్ల ఎన్నో ఇంగ్లీషు పేజీలు చదివింది మా ముందు. తప్పులు చదివింది, ఒప్పులు చదివింది. ఒక్కసారీ నవ్వలేదు. నాకు ఆ సంగతి అప్పుడే తట్టింది. ఆయనకీ తట్టిందనుకుంటాను.

"ఎడమచెయ్యేనా?" అన్నారు చివరికి.

"ఎడమసెయ్యే సార్."

"ఎందుకమ్మా? నీ వేలు మానింది కదా."

పిల్ల తల వంచుకుని ఆలోచించింది. "కుడేలుకి తెలుగొచ్చు సార్. దానికి ఏ సుక్క తగిలినా తెలుగే ఇనబడతాది. ఈ ఏలుకి తెలుగు రాదు. దీనికి ఇంగిలీసొక్కటే తెలుసు."

శాస్త్రం దీన్ని ఒప్పుకుంటుందో లేదో నాకు తెలీదు. అందరు పిల్లలకీ ఇలాగే జరుగుతుందనీ చెప్పను. తర్వాత ఇంకో ఇద్దరు పిల్లలతో ప్రయత్నిస్తే ఒకడికి కొంత పనికొచ్చింది, ఇంకొకడికి అసలు పనికిరాలేదు. ఆ పిల్ల విషయంలో మాత్రం అదే జరిగింది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అయితే ఆ వేలికి తెలుగు నేర్పకు" అన్నారు. తర్వాత చెయ్యి చాచి, "ఏదమ్మా ఆ కాగితం, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు" అన్నారు నాతో. గీత మీద స్కేలు ఆనించి పట్టుకున్నాను. ఎప్పుడూ తిన్నగా వచ్చే ఆయన సంతకం ఆరోజు కొంచెం వంకరపోయింది.

గుమ్మం దగ్గర తల్లి అప్పటికే ఏడుస్తోంది. "నవ్వాలి గాని ఏడుపేటమ్మా" అని మాస్టారు కసిరారు.

విశాఖ వెళ్ళిన రోజు పెద్దగా చెప్పుకోడానికి లేదు. బస్సులో పిల్లకి వాంతులు. కాలేజీలో పరీక్ష చేసినావిడ కళ్ళున్న మనిషే, మర్యాదస్తురాలు. పిల్ల ఒంటిచేత్తో చదవడం చూసి, "రెండు చేతులూ వాడాలని మీకెవరూ చెప్పలేదా?" అని నన్నడిగింది. చెప్పారండీ అన్నాను, వివరం చెప్పలేదు. చెప్తే ఆ సాయంత్రం బస్సు తప్పిపోయేది. పిల్ల నెమ్మదిగానే చదివింది. కానీ అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. అడగనిది కూడా ఒకటి చెప్పింది, ఆ కథలో నచ్చని మనిషి గురించి. ఆవిడ నవ్వి, "వేగం మేం చూసుకుంటాం" అని ఇంగ్లీషులో చెప్పి, పిల్ల పేరు రాసుకుంది. ఆ మాట తెలుగులో మళ్ళీ చెప్పమంది పిల్ల, నమ్మకం కుదరక. చెప్పాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తిరుగు బస్సులో వాంతులు లేవు.

ఇప్పుడు డిగ్రీలో ఉంది. బస్సుల్లో తిరుగుతుంది. ఒకసారి తప్పు బస్సెక్కి ఎక్కడికో వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి గొప్పగా నాకు ఫోన్ చేసి చెప్పింది. సెలవుల్లో ఇంటికొస్తే ఆడవాళ్ళకి కుడిచేత్తో తెలుగు కథలు చదువుతుందట. తండ్రి ఇప్పటికీ "మావు సూసుకుంతాం కదా" అంటూనే ఉంటాడు. ఆ మాటకి అది ఇప్పుడు నవ్వుతుంది.

ఆ పిల్ల హాస్టల్లో చేరిన కొన్నాళ్ళకి, ఒక రోజు ఊళ్ళు తిరగాల్సిన పని రద్దై నేను అనుకోకుండా మా గదికి వెళ్ళాను. పిల్లలెవరూ లేరు. మాస్టారు ఒక్కరే బల్ల దగ్గర ఉన్నారు. ముందు ఇంగ్లీషు మొదటి వాచకం. కుడిచెయ్యి కాగితం అంచు పట్టుకుని ఉంది. ఎడమచేతి చూపుడువేలు మొదటి వరస మీద ఉంది.

వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. అప్పటికే ఆయనకి నా అడుగులు వినిపించాయి.

చెయ్యి తీస్తారనుకున్నాను, తియ్యలేదు. "వచ్చేవా? కూర్చో. ఈ వరస చదువుతాను. తప్పయితే చెప్పు, మొహమాటపడకు" అన్నారు.

చదివారు. అంత గొంతు ఉన్న మనిషి, ఆ ఐదారు మాటలు పసిపిల్లవాడిలా కూడబలుక్కుని చదివారు. మూడో మాట తప్పు చదివారు. తప్పని చెప్పాను.

"ఊఁ" అన్నారు. వేలు వెనక్కి జరుపుకుని మళ్ళీ మొదటి మాట దగ్గర పెట్టారు.